కస్తూరమ్మ పలికిన 'ఆ'

తమిళనాడులోని వెంగల్ గ్రామంలో తెలుగు బతికి ఉందో లేదో మనుషులను అడిగితే అబద్ధం చెబుతారు కాబట్టి, కంప్యూటర్‌ను అడగాలని స్వర స్థిరత్వ పరిశీలక సంఘం నిర్ణయించింది. బతికి ఉందని తేలితే బడిలో తెలుగు తరగతి ఉంటుంది, లేకుంటే మూతబడుతుంది. తరగతిలో ఉన్నది ఒక్కతే పిల్ల, భార్గవి. అది నాలుగు ముక్కలు నేర్చుకుంటే ఇంట్లో తనతో తెలుగు మాట్లాడే మనిషి ఒకరుంటారని నాయనమ్మ కస్తూరమ్మ ఆశ. అందుకే పరీక్షకు తానే వెళ్లి కూర్చుంది.

సంఘం శాస్త్రవేత్త సుదర్శనం మైకు ముందుపెట్టి, పది సెకన్లు 'ఆ' అనమన్నాడు.

"ఎవురూ పిలవకుండా ఉత్తినే 'ఆ' అని యాడన్నా అంటారా నాయనా?"

మాట న్యాయమే. సంఘం అత్యవసరంగా సమావేశమై, 'పిలుపరి' అనే పోస్టు సృష్టించి, కవరైపేట్టైలో రిటైరై ఖాళీగా ఉన్న ధనకోటిని అందులో వేసింది. "కస్తూరక్కా! ఇంట్లో ఉండావా?" అని ఆయన కేకేశాడు. అలా పిలిపించుకుని ఎన్నాళ్లయిందో, ముసలమ్మ ముఖం చాటంతయింది. "ఆఁ..." అంది. సంతోషానికి గొంతు వణికింది.

కంప్యూటర్ ఆ స్వరంలోని ఒక్కో క్షణాన్నీ దాని వెనకటి క్షణంతో జోడించి బొమ్మ గీసింది. గాజులా గుండ్రంగా రావలసిన గీత చిక్కుపడిన జుట్టులా వచ్చింది.

"మీ స్వరం అరేఖీయంగా ఉందమ్మా," అన్నాడు సుదర్శనం బాధగా.

"అదేం రోగం సామీ? నాకు షుగరొక్కటే గదా ఉండేది!"

వారం గడువు దొరికింది. ఊరంతా సాధనకు దిగింది. నాట్లేసే ఆడవాళ్లు మడిలో 'ఆ' అన్నారు. గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలకు పోయే మగవాళ్లు బస్సులో నోళ్లు తెరిస్తే, పాపం పళ్ల డాక్టరు దగ్గరికి కాబోలని కండక్టరు సీట్లు ఖాళీ చేయించాడు. ఫలితం మాత్రం సున్న. ఒకరి 'ఆ'లో నవ్వు దొర్లింది, ఒకరి 'ఆ'లో దగ్గు. అన్నీ చిక్కులే.

ఆఖరిరోజు సుదర్శనం మైకు ఆపడం మరిచి టీకి వెళ్లాడు. కాగల కార్యం గంధర్వులే తీర్చినట్టు కరెంటొచ్చింది. బడి పక్క మడిలో నీళ్ల మోటారు "ఆ..." అని ఎత్తుకుంది. తిరిగొచ్చి చూస్తే తెరమీద గాజు! ఆయన కళ్లు చెమర్చాయి.

మర్నాడు మోటారుకు శాలువా కప్పి ప్రసంగించాడు. "ఇది దగ్గదు, నవ్వదు, అరవం కలపదు! మన గడ్డమీద ఇంత నిష్కల్మషమైన తెలుగు గొంతు మరొకటి లేదు!" మోటారుకు మాతృభాషా పత్రం ఇచ్చారు. తరగతి నిలిచింది.

"కొడుకులు నిలపలేంది మోటారు నిలిపినాది గదా!" అని కస్తూరమ్మ దానికి టెంకాయ కొట్టింది.

ఆ సాయంత్రమే గట్టుమీద నిలబడి ఆశగా పిలిచింది. "భార్గవీ!"

"ఎన్న పాట్టీ?" అని అరవంలో విసుక్కుంది పిల్ల, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

కస్తూరమ్మ మళ్లీ పిలిచింది. కరెంటొచ్చింది.

"ఆ..." అంది మోటారు.