గీత మీద కడుపు

మానవజాతి ఇంతవరకు గీసిన గీతలన్నిటిలోకీ గొప్పది మా సరిహద్దు ఆరోగ్య కార్యాలయం నేల మీద ఉంది. పసుపు రంగుది, నాలుగు వేళ్ల వెడల్పు. దానికి ఇటు మన దేశం, అటు పక్క దేశం. (ఫ్యాను మాత్రం ఇద్దరికీ కలిపి ఒకటే.) ఇటు చట్టం ప్రకారం పది వారాలు దాటిన గర్భాన్ని తీయకూడదు. అటు చట్టం పద్నాలుగు వారాల దాకా ఒప్పుకుంటుంది. గీత దాటగానే ఆడవాళ్ల ఆరోగ్యం మారిపోతుందని పెద్దలు కనిపెట్టారన్నమాట.

మా పిన్ని బట్టల మిల్లులో కాలర్లు కుడుతుంది. ఇద్దరు పిల్లలు. రెండో కాన్పుకే ప్రాణం మీదికి వచ్చింది. మూడోది వద్దే వద్దని డాక్టరమ్మ రాసిచ్చింది. మళ్లీ కడుపొచ్చిన సంగతి తెలిసేసరికి పదకొండో వారం నడుస్తోంది. అందుకని పిన్ని అటు కౌంటరు టోకెను తీసుకుని, గీత మీద అడ్డంగా వేసిన బెంచీ మీద కూర్చుంది.

అక్కడే పొరపాటు జరిగింది.

"ఏమ్మా, కాళ్లు అటు పెట్టావు సరే, కడుపు ఇటే ఉంది కదా!" అన్నాడు ఇటు గుమాస్తా.

"బాగుందయ్యా వరస! టోకెను మాది, మనిషీ మాదే" అంది అటు కౌంటరు మేడం.

"నేను లేచి అటు జరుగుతానండీ" అంది పిన్ని.

"కదలకు! సాక్ష్యం చెడిపోతుంది" అన్నారిద్దరూ.

కొలతల అధికారి టేపు పట్టుకుని వచ్చాడు. గీత నుంచి పిన్ని బొడ్డుకు ఎనిమిది అంగుళాలు. ఊపిరి వదిలితే ఏడున్నర. ఏది లెక్కలోకి వస్తుందో నిబంధనల్లో లేదు కాబట్టి ఉమ్మడి సంఘం వేశారు. సంఘం గురువారాల్లో మాత్రమే కూడుతుంది. మొదటి గురువారం కుర్చీలు ఏ పక్క వేయాలో తేల్చారు. రెండో గురువారం ఆ తేల్చినదాన్ని ఆమోదించారు.

"వారాలు గడిచిపోతున్నాయి సార్" అంది పిన్ని.

"తొందరపడితే ఎలాగమ్మా? కడుపంటే ఆషామాషీయా?" అన్నాడు సంఘం పెద్ద.

మూడో గురువారం నాటికి పద్నాలుగో వారంలో చివరి రోజు వచ్చింది. రెండు దేశాలూ పటాలు పరిచి, టేబుళ్లు గుద్ది, ఆ కడుపు మాదంటే మాదని సాయంత్రం దాకా వాదించుకున్నాయి.

పిన్ని మెల్లగా చెయ్యెత్తింది. "అయ్యా, అది నాదండీ."

సంఘం పెద్ద నిబంధనల పుస్తకం తిరగేశాడు. వివాదం రెండు దేశాల మధ్యది కాబట్టి మూడో పక్షం కలగజేసుకోకూడదని చెప్పి, వచ్చే గురువారానికి వాయిదా వేశాడు.