ఆరు నిమిషాల సినిమాకు ఏడు వారాల సన్నాహాలు

సినిమా తీయడం ఎవరికైనా వస్తుంది. తీయడానికి సిద్ధపడటం మాత్రం కాలేజీకి వెళ్లినవాళ్లకే వస్తుంది. ఈ మాట అనడానికి నాకు పూర్తి అర్హత ఉంది. సెమిస్టర్ చివర ఇవ్వాల్సిన డిజిటల్ మీడియా ప్రాజెక్టు కోసం నేను ఏడు వారాల పాటు సిద్ధపడ్డాను. సినిమా నిడివి ఆరు నిమిషాలు. అంటే నిమిషానికి ఒక వారం చొప్పున సిద్ధపడ్డాక, ఇంకా ఒక వారం మిగిలిందన్నమాట!

మా దీవి బడిలో ఈ సౌకర్యం లేదు. పదకొండు మంది పిల్లలం, ఒక్క టీచరు. "రేవులో ఏదో జరుగుతోందట, పోయి చూసి రాయండి" అనేది ఆవిడ. మేం పోయి చూసేవాళ్లం, వచ్చి రాసేవాళ్లం. ఎంత అనాగరికం! సముద్రం పక్కన పదకొండు మంది పిల్లలు, చేతిలో ఒక్క ఫారం కూడా లేకుండా. మేం ఎలా బతికి బట్టకట్టామో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

కాలేజీకి వచ్చాక కళ్లు తెరుచుకున్నాయి. మొదటి వారం ఆలోచన ఫారం. రెండో వారం, ఆ ఆలోచన ఎలా వచ్చిందో చెప్పే ఫారం. మూడో వారం ప్రమాదాల అంచనా. నాలుగు, అనుమతి పత్రాలు. అయిదు, దృశ్యాల బొమ్మలు. ఆరు, తీసిన దాన్ని ఎక్కడ దాస్తామో ప్రణాళిక. ఏడు, తప్పనిసరి వర్క్‌షాపులు. ఇవన్నీ దాటినవాళ్లకే ఎనిమిదో సోమవారం కెమెరా చేతికిస్తారు. అంతవరకూ దాన్ని గాజు బీరువాలో పెడతారు. పోతూ వస్తూ చూడవచ్చు. చూడటానికి ఫారం అక్కర్లేదు.

నేను ఎంచుకున్న విషయం మా అమ్మమ్మ బోర్గిల్. మా దీవికి కార్లనీ మనుషుల్నీ దాటించే ఫెర్రీ ఓడలో ముప్పై ఒక్క ఏళ్లుగా స్వేలెలు కాల్చేది ఆవిడే. పెనం మీద మెత్తటి అట్టు పోసి, వెన్నా చక్కెరా రాసి, మడిచి కాగితంలో పెట్టి ఇస్తుంది. కారు దిగకుండా ప్రయాణించే మనుషులు కూడా ఆ వాసనకి దిగేవారు. ఇప్పుడు సముద్రం కింద సొరంగం వచ్చింది. నవంబర్ ఆఖరి గురువారం ఫెర్రీ ఆఖరి ప్రయాణం. ఆ రోజు అమ్మమ్మ ఆఖరి స్వేలె కాల్చేటప్పుడు ఆవిడ చేతుల్ని తీయాలన్నది నా ఆలోచన. అంతే. ఆలోచన ఫారంలో దీనికి మూడు పేజీలు పట్టింది.

ప్రమాదాల అంచనా నాకు బాగా నచ్చింది. పెనం: ప్రమాదం మధ్యస్థం. సముద్రం: ప్రమాదం ఎక్కువ. సముద్రం వల్ల ప్రమాదాన్ని ఎలా తగ్గిస్తారు అని అడిగారు. "సముద్రానికి దూరంగా ఉంటాను" అని రాశాను. ఫెర్రీ సముద్రం మీదే ఉంటుంది కదా అని తిప్పి పంపారు. "ఫెర్రీలో ఉంటాను" అని మార్చాను. ఆమోదించారు. ఇలాంటి లోతైన ఆలోచన మా దీవిలో నేర్పేవాళ్లెవరు?

అనుమతి పత్రం నాలుగు పేజీలు. శనివారం వంటింట్లో అమ్మమ్మ ముందు పెట్టాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ చదివింది. కళ్లజోడు తీసేసింది.

"నా మనవరాలు నన్ను చూడటానికి నేను సంతకం పెట్టాలటే?"

"చూడటానికి కాదు అమ్మమ్మా, తీయడానికి. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు."

"దేన్ని? నా మొహాన్నా?"

"అనుమతిని."

"నా మొహాన్ని రోజుకి పద్నాలుగు సార్లు అటూ ఇటూ సముద్రం దాటించారు, ఒక్కడూ అడగలేదు" అంటూనే నాలుగు చోట్లా సంతకం పెట్టింది. అనుమతి ఫెర్రీలోని పని స్థలానికి మాత్రమే చెల్లుతుందని మూడో పేజీలో ఉంది. ఆవిడ అక్కడిదాకా చదవలేదు. నేనూ చెప్పలేదు.

ఇక్కడ నా పక్కన కూర్చునే రాగ్న తెలివితేటల గురించి కూడా చెప్పుకోవాలి. ఆమె కాలేజీ గేటు ముందున్న బండరాయి గురించి సినిమా తీస్తోంది.

"రాయిలో ఏముందే తీయడానికి?" అన్నాను.

"ఏమీ లేదు. సంతకం అడగదు, ఎక్కడికీ పోదు. నీ అమ్మమ్మలా గురువారం రిటైరవదు" అంది.

అప్పుడు లెక్క చూసుకున్నాను. ఫెర్రీ ఆఖరి ప్రయాణం గురువారం. కెమెరా ఇచ్చేది ఆ తర్వాతి సోమవారం.

మా గైడు హల్వార్ చాలా మంచివాడు. తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఆ తలుపు ముందు రెండు రోజులు అటూ ఇటూ నడిచి, మూడో రోజు లోపలికి వెళ్లాను.

"కెమెరా నాలుగు రోజులు ముందు దొరుకుతుందా?" అని అడిగాను.

"ఎందుకు సిగ్నె?"

చెప్పాను. ఆయన నా ఫారాలన్నీ ముందేసుకుని ఓపిగ్గా తిరగేశాడు.

"తీసేలోగా విషయం అయిపోవచ్చు అనేది ప్రమాదాల పట్టికలో రాశావా?"

"లేదు."

"అదీ సంగతి" అన్నాడు, నా మీద నిజంగా జాలిపడుతూ. "పోనీ, ఆ ఆఖరి రోజుని ఒక వారం వాయిదా వేయమని అడిగి చూడకూడదూ?"

"ఫెర్రీనా?"

"అడిగితే తప్పేముంది?"

"ఫోన్‌తో తీస్తే?"

"సిద్ధపడక ముందు తీసింది మూల్యాంకనానికి రాదు. పైగా గురువారం పన్నెండింటికి నీకు వర్క్‌షాప్ ఉంది. తప్పనిసరి. అది లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు, తెలుసుగా?"

సరే అన్నాను. ఇంకేమైనా అనొచ్చని బస్సు ఎక్కాక తోచింది.

గురువారం వర్క్‌షాప్ పేరు 'మన విషయం దగ్గర పూర్తిగా ఉండటం ఎలా'. పాఠకులారా, ఇంతకంటే అవసరమైన వర్క్‌షాప్ మరొకటి ఉంటుందా? ఇరవై ముగ్గురం రబ్బరు చాపల మీద కూర్చున్నాం. కళ్లు మూసుకోమన్నాడు హల్వార్. "మీ విషయం మీ ఎదురుగా ఉందనుకోండి. ఏం వినిపిస్తోంది? ఏ వాసన వస్తోంది?"

నాకు కాలుతున్న వెన్న వాసన వచ్చింది. కళ్లలోంచి నీళ్లు కూడా వచ్చాయి. హల్వార్ నా దగ్గర ఆగి, "చూశారా, సిగ్నె ఇప్పుడు నిజంగా అక్కడ ఉంది" అని అందరికీ చెప్పాడు. అప్పుడు టైము రెండు. రెండింటికి ఫెర్రీ మా రేవు నుంచి ఆఖరిసారి బయలుదేరింది. కాలేజీ నుంచి రేవుకి బస్సులో రెండున్నర గంటలు.

సాయంత్రం అమ్మమ్మకి ఫోన్ చేశాను. బ్యాండు మేళం వచ్చిందట, మునిసిపాలిటీ వాళ్లు పూలగుత్తి ఇచ్చారట.

"ఎవరైనా నిన్ను తీశారా అమ్మమ్మా?"

"అందరూ పైన కెప్టెన్‌ని తీస్తున్నారులే. నేను కింద పెనం తోముకుంటున్నాను." ఆ తర్వాత, "నువ్వొస్తావేమోనని పిండి కొంచెం ఉంచాను" అంది.

క్లాసు ఉందని చెప్పాను.

"అవును మరి. చదువు ముఖ్యం" అంది ఆవిడ, వెక్కిరింపు లేకుండా.

సోమవారం కెమెరా ఇచ్చారు. దానికో మూడు కాళ్ల స్టాండు, వానకి తొడుగు, రెండు బ్యాటరీలు. ఇంత సిద్ధంగా నేను ఎప్పుడూ లేను. రేవుకి వెళ్లాను. ఫెర్రీని ఆదివారమే ఉత్తరాన ఎక్కడికో లాక్కుపోయారు. అమ్మమ్మ గొడుగు పట్టుకుని నా వెనకాల నిలబడింది.

"ఇంట్లో కాల్చి చూపించనా? చేతులు అవేగా" అంది.

"స్థలం మారితే మళ్లీ మూడో వారం నుంచి మొదలుపెట్టాలి అమ్మమ్మా."

"అయితే ఇక్కడ నిలబడనా, నీ ముందు?"

"ఫెర్రీలో అయితేనే కుదురుతుంది."

ఆవిడ నా పక్కకి వచ్చింది. కెమెరాకి వాన తగలకుండా ఆరు నిమిషాలూ గొడుగు పట్టుకుంది. నేను ఖాళీ రేవుని తీశాను. సినిమాలో నీళ్లు ఉన్నాయి, గాలి ఉంది, ఒక సముద్రపక్షి ఉంది. అమ్మమ్మ మాత్రం ఫ్రేము అంచుకి ఒక అడుగు ఇవతల ఉండిపోయింది.

సినిమాతో పాటు వ్యాసం కూడా ఇవ్వాలి. నేర్చుకున్నదేమిటి, ఎదిగినదెలా, అన్నీ కంప్యూటర్లో ఫారం పెట్టెల్లో నింపాలి. రోజూ డైరీ రాసే అలవాటు వల్ల నాకు ఇది సులువే అనుకున్నాను. చివరి పెట్టెలో ప్రశ్న ఇది: మళ్లీ ఇదే ప్రాజెక్టు చేయాల్సి వస్తే ఏం మారుస్తారు?

"క్లాసు ఎగ్గొడతాను" అని రాశాను.

కంప్యూటర్ తీసుకోలేదు. కనీసం రెండు వందల మాటలుండాలట. ఇంకా నూట తొంభై ఎనిమిది కావాలి. కాబట్టి సన్నాహాల గొప్పతనం గురించి, ఫారాల వల్ల మనిషికి కలిగే దూరదృష్టి గురించి, ఇప్పుడు మీకు చెప్పినట్టే రాసి నింపాను.

నాకు క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. రాగ్న రాయిది రెండో స్థానం. సినిమా గురించి హల్వార్, 'మనిషి లేకపోవడాన్ని ఇంత ధైర్యంగా చూపించిన విద్యార్థులు ఇంతవరకూ లేరు' అని రాశాడు. వ్యాసం మీద కూడా ఒక సూచన ఉంది. చివరి పెట్టె చుట్టూ పచ్చ గీత గీసి, పక్కన ఇలా రాశాడు:

'చాలా నిజాయితీగా ఉంది. మొదటి రెండు మాటలు తీసేస్తే ఇంకా బాగుంటుంది.'