మూడో నీళ్లు

"భవిష్యత్ తరాలు ఈ రోడ్డు మీద నడిచి, స్వచ్ఛమైన నీళ్లు తాగుతాయి!" అని మా బాపు అద్దం ముందు ప్రారంభోత్సవ ప్రసంగం సాధన చేస్తున్నప్పుడు, నేను వాకిట్లో నీలం నీళ్లు పారబోస్తున్నాను.

బాపు లింగమూర్తి పాండేసరలో బట్టలకు రంగులద్దే మిల్లులో మాస్టర్. మా గల్లీ కమిటీకి అధ్యక్షుడు. కూల్చిన ఇళ్ల కాంక్రీటులో మిల్లువాళ్ల ఎండిన రంగు మడ్డి కలిపి మున్సిపాలిటీవాళ్లు మాకు రోడ్డు వేస్తారట. శిలాఫలకం మీద బాపు పేరు కూడా ఉంటుందట! షరతు ఒక్కటే. ఆ సరుకును ఒక పగలూ రాత్రీ నీళ్లలో నానబెట్టాలి. రంగు దిగితే రోడ్డు లేదు. పక్కనే ఉన్న చిన్నవ్వ చేతిపంపు నీళ్లే గల్లీ అంతా తాగుతుంది మరి.

పరీక్ష మున్సిపాలిటీ ఆఫీసులోనే జరగాలి. కానీ అక్కడ బకెట్ లేదు! బకెట్ మంజూరయ్యేదాకా అభివృద్ధి ఆగకూడదు గనుక, నమూనా మా ఇంటికి వచ్చింది.

మొదటి రోజు నీళ్లు నెమలి మెడలా మెరిశాయి.

"బాపూ, రంగు దిగింది."

"పిచ్చి పిల్లా, కొత్త బట్ట రంగు ఇడువదా? మొదటి నీళ్లు లెక్కకు రావు. పారబోసి మళ్ల పొయ్యి."

ముప్పై ఏళ్ల మిల్లు అనుభవం! రెండో రోజు లేత నీలం. అదీ లెక్కకు రాలేదు. మూడో నీళ్లలో నా ముఖం కనిపించింది.

అధికారి వచ్చి బకెట్లోకి తొంగిచూశాడు.

"పానీ ఏక్‌దం సాఫ్!"

ఎన్నోసారి పోసిన నీళ్లని అడగలేదు. ఫారంలో ఆ గడి లేదు. సంతకం పెట్టి వెళ్లాడు.

సాయంత్రం చిన్నవ్వ ఖాళీ బిందెతో పంపుకు పోతూ మా ఇంట్లోకి వచ్చింది.

"లింగమూర్తీ, జర నిజం చెప్పు. వాన కొడితే ఆ రంగు నా బోర్ల దిగదా? నా మనుమరాలు గవే నీళ్లు తాగుతది."

"ఏంది అవ్వా, గట్లంటవ్! సంతకం చూడు. బేఫికర్ తాగు. నా బిడ్డకు గూడ గవే తాపుత!"

నేను తల వంచుకున్నాను. అంతలో ఆటో ఆగింది. మంచినీళ్లమ్మే గంగారాం పెద్ద డబ్బా దించి గుమ్మంలో పెట్టాడు.

"రోడ్డు పడ్డ దినం నుంచి రోజు రెండు డబ్బాలు తెమ్మంటివి గద, మాస్టర్! ఇయ్యాల ఒకటి తెచ్చిన. రుచి చూడు."

బాపు దగ్గాడు.

"కూసో అవ్వా, చాయ్ తాగిపో."

చిన్నవ్వ డబ్బాను చూసింది. నన్ను చూసింది. ఖాళీ బిందె చంకనెత్తుకుని గడప దాటింది.