కడుపు నిండిన జలగలు

ఆ పొద్దున దర్జీకి ఇంట్లో అప్పగించిన పని ఒక్కటే. ముందురోజు వైద్యుడు ఇచ్చి వెళ్లిన జలగల సీసాని ఆయన వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండడం. ఆపరేషన్ అయిన భార్య కాలి పుండు మానడం లేదు. ఇలాగే ఉంటే బొటనవేలు తీసెయ్యాలని పెద్ద డాక్టరు చెప్పేశాడు. జలగలు చెడురక్తం పీల్చేస్తే వేలు దక్కుతుందని వైద్యుడి ఆశ. "వాటిని ఆకలి మీదే ఉంచాలయ్యా," అని మరీ మరీ చెప్పి వెళ్లాడు.

ఆ మాట దర్జీ చెవిన పడింది గానీ మనసుకెక్కలేదు. ఆయన బాధ ఆయనది. బతుకంతా సూదితో గడిపిన మనిషి, ఆపరేషన్ రోజున భార్య చెయ్యి పట్టుకోమంటే సెలైన్ సూది చూసి కళ్లు తిరిగి పడ్డాడు. నర్సులు ఆవిణ్ణి వదిలేసి ఈయన మొహాన నీళ్లు చల్లారు. ఆవిడ ఒంటరిగానే లోపలికి వెళ్లింది. ఆ సంగతి తలుచుకుంటే ఆయనకి ముద్ద దిగడం లేదు.

ఇప్పుడీ జలగలు కూడా ఆవిణ్ణి ఏడిపిస్తాయేమో! బాత్రూం తలుపేసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, ఒకదాన్ని తన పిక్క మీద వేసుకున్నాడు. చీమ కుట్టినట్టయినా లేదు. ఇది సాధుజంతువే, మరి తక్కినవో? వాటినీ వరసగా పరీక్షించాడు. అన్నీ సుష్టుగా తాగి వాటంతటవే రాలిపడ్డాయి. వైద్యుడు వచ్చేలోగా తాగింది అరిగిపోదా అనుకుని, పిక్కకి గుడ్డ చుట్టి పంచె దించుకున్నాడు.

వైద్యుడు వచ్చి పుండు పక్కన జలగని వేశాడు. అది జారి పడింది. రెండోదీ అంతే.

"ఏం మందు రాశారమ్మా దీనికి?" అన్నాడు వైద్యుడు అనుమానంగా.

"నేనేం రాయలేదు! అమ్మే ఏదో రాసుకునుంటుంది," అంది కూతురు.

"నా రక్తం జలగకి కూడా పనికిరాకుండా పోయిందే," అని తల్లి గొల్లుమంది. "వేలు పోయినట్టే!"

నిజం చెప్పేద్దామని దర్జీ నోరు తెరిచాడు. ఈలోగా కూతురి చూపు నేల మీద పడింది.

"నాన్నా! నీ కుర్చీ కింద ఆ రక్తమేంటి?"

వైద్యుడు పంచె ఎత్తి చూశాడు. "దొంగ దొరికాడు! గుండెకి మాత్రలేమైనా వాడుతున్నావా?"

"రక్తం పల్చబడ్డానికి..." అంటూనే, తన రక్తం తానే చూసుకుని దర్జీ పడిపోయాడు.

ఎంత అదిమినా నెత్తురు ఆగలేదు. మళ్లీ అదే ఆసుపత్రి. ఈసారి మంచం మీద ఆయన, పక్కన స్టూలు మీద కట్టుకాలు చాపుకుని ఆవిడ. జలగలకి మళ్లీ ఆకలయ్యేసరికి వారాలు పడుతుందట, కొత్తవి ఎప్పుడు దొరుకుతాయో తెలియదట. అందాకా వేలు ఆగుతుందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు.

"ఆ రోజు నీ చెయ్యి పట్టుకోలేకపోయాను. ఇవాళ నీ వేలి మీదికే తెచ్చాను," అన్నాడాయన, కళ్లనీళ్లు పెట్టుకుని.

"నొప్పి పెట్టిందా?" అంది ఆవిడ.

"అస్సల్లేదు."

"మరి, అది తెలుసుకోడానికేగా ఇంత చేశారు. పడుకోండి," అని ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది.

ఆ రోజు మొత్తానికి హాయిగా నిద్రపోయినవి సీసాలో జలగలే.