లీలారాణి ఇంట్లో అత్యవసర పరిస్థితి

శనివారం పొద్దున లీలారాణి అనుకున్నది ఇంతే: పదింటికి కీబోర్డు ఇంటికొస్తుంది, మధ్యాహ్నానికి పాట రికార్డవుతుంది, సాయంత్రం ఆరులోపు ఆడమ్స్‌టౌన్ తెలుగు సభల వాళ్లకు చేరుతుంది. దేశం కాని దేశంలో, కిల్కెన్నీ నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్లకు స్నానాలు చేయిస్తూ రెండేళ్లు కూర్చిన పాట అది. ఇంతకుముందు రాసిన రెండు పాటలనూ ఎవరెవరో తమ పేర్లు తగిలించుకుని పాడేసుకున్నారు. ఈసారి తన పేరుతో, తన గొంతుతో వెళ్లాలి. గడువు దాటితే మళ్లీ ఏడాది ఆగాలి.

"మ్యూజిక్ లేని పాటను వాళ్లు ముట్టుకోరు సిస్టర్," అని తేల్చాడు జయకుమార్. చర్చి సంఘంలో పన్నెండేళ్లుగా కీబోర్డు ఆయనదే. రిథమ్ బటన్ నొక్కి, రెండు వేళ్లతో వాయించి, పది వేళ్ల గౌరవం పుచ్చుకుంటాడు. కార్లోలో చదువుకునే నిఖిల అమ్ముతున్న కీబోర్డును ఎంపిక చేసింది కూడా ఆయనే. లీలారాణి భర్త శౌరిని వెంటేసుకుని వెళ్లి పట్టుకొచ్చాడు.

"అరవై ఒక్క కీలు, పదహారు లైట్లు! నా కీబోర్డుకి ఇన్ని లైట్లెక్కడివి?" అని మురిసిపోయాడు జయకుమార్.

లైట్లన్నీ వెలిగాయి. చప్పుడు లేదు.

శౌరి ఈ చివర నుంచి ఆ చివరకు అన్ని కీలూ నొక్కాడు. "ఇక్కడి కరెంటు పడలేదేమో!"

"ఇక్కడే కొన్నదాన్ని పట్టుకుని ఏం మాటలండీ అవి?"

మధ్యాహ్నానికి జయకుమార్ సంఘం స్పీకరు మోయించుకొచ్చి తగిలించాడు. అయినా మోగలేదు. తెలియదని చెప్పడానికి పెద్దమనుషులకు ఏం రోగమో! ఆయన గుమ్మం బయటికెళ్లి, సంఘం వాట్సాప్ గ్రూపులో రాశాడు: "లీలారాణి గారింట్లో అత్యవసర పరిస్థితి. వివరాలు అడగవద్దు. ప్రార్థించండి." వివరాలు రాస్తే తన ఎంపిక బయటపడుతుంది మరి.

వివరాలు అడగొద్దంటే మనవాళ్లు ఇంట్లో కూర్చుంటారా? రెండున్నరకు నర్సు ప్రెయిస్ బీపీ మిషన్‌తో దిగింది.

"ముందు పడుకో అక్కా."

"నాకేం కాలేదే తల్లీ!"

"అందరూ అట్లాగే అంటారు." చెయ్యి లాగి పట్టీ చుట్టేసింది. నూట అరవై. "చూశావా మరి!"

మూడింటికి రెండు కుటుంబాలు పులావు గిన్నెలతో వచ్చాయి. నాలుగింటికి మెట్ల మీదా జనమే. ఒకాయన శౌరిని పక్కకు లాగి, లీజు పోయిందా, ఇల్లు ఖాళీ చేయమన్నారా అని అడిగాడు. ఇంకొకాయన భుజం తట్టి, పిల్లల కోసమైనా విడిపోవద్దని బతిమాలాడు. శౌరి ముఖం పాలిపోయింది.

"ఏమే, నాకు చెప్పనిదేమైనా ఉందా?"

"ఉంది. పాట!"

ఐదూ పది. లీలారాణి పొద్దున్నే చేయాల్సిన పని అప్పుడు చేసింది. నిఖిలకు ఫోన్ కొట్టి స్పీకర్‌లో పెట్టింది.

"ఆంటీ, దాంట్లో సౌండే ఉండదు. ల్యాప్‌టాప్‌కి కలిపితే సాఫ్ట్‌వేర్ మోగుతుంది. చెప్పబోతే అంకుల్ 'నాకు తెలీదా అమ్మా?' అన్నారు!"

జయకుమార్ కిటికీలోంచి మబ్బుల వంక చూశాడు.

సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ పెడితే, ఇంకా గంట పడుతుందంది. ఐదూ నలభై. గడువు ఓ గంట పెంచమని కాళ్లావేళ్లా పడదామని లీలారాణి సభల వాళ్ల ప్రకటన తెరిచింది. తెరవడం అదే మొదటిసారి. మూడో వరుసలో ఉంది: "గాత్రం మాత్రమే పంపండి. వాయిద్యాలు మావాళ్లు చేరుస్తారు."

"బ్రదర్, ఇది చదివారా?"

"ఫార్వర్డ్ చేశాను సిస్టర్."

లీలారాణి కుర్చీ ఎక్కింది. రెండేళ్లు అణిచిపెట్టుకున్నదంతా గొంతులోకొచ్చింది. "అందరూ నోళ్లు మూయండి! ఒక్కరు దగ్గినా ఊరుకోను!"

ముప్పై మంది బిగుసుకుపోయారు. ప్రెయిస్ ఏడుస్తున్న పసిదాన్ని ఎత్తుకుని వర్షంలోకి పరిగెత్తింది. ఫోన్ ఎదురుగా పెట్టుకుని, కళ్లు మూసుకుని, లీలారాణి నాలుగు నిమిషాలు పాడింది. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి తన పేరు చెప్పింది, ఎవడూ కత్తిరించకుండా. ఐదూ యాభై ఎనిమిదికి పంపింది. జవాబు వెంటనే వచ్చింది: "అందింది. రచన, గానం: లీలారాణి." ఆమె కుర్చీలో కూలబడి, ఆ ఒక్క ముక్కను మూడుసార్లు చదువుకుంది.

ఆరుంబావుకు డౌన్‌లోడ్ పూర్తయింది. శౌరి ఒక కీ నొక్కితే ఇల్లంతా ఖంగుమంది.

"అన్నం తినేటప్పుడు ఏమిటయ్యా ఆ గోల," అన్నారెవరో.