ఆపింది నేనే

శుక్రవారం పొద్దున ఏడున్నరకు బయలుదేరితే మధ్యాహ్నం భోజనాల వేళకు శ్రీశైలంలో ఉండాలన్నది వెంకటరామయ్య లెక్క. ప్రగతి నగర్‌లో ఇరవై ఏళ్లుగా పైపులు, కుళాయిలు అమ్ముతున్న మనిషికి లెక్క తప్పడమంటే నామోషీ. అయితే ఈ ప్రయాణం దర్శనం కోసం మాత్రమే కాదు. ఆయన తెల్లకారుకు పద్నాలుగేళ్లు నిండాయి. కొడుకు ఆదర్శ్ దానికి కొనేవాణ్ని కూడా మాట్లాడి పెట్టాడు. వెంకటరామయ్య ససేమిరా అన్నాడు. చివరికి భార్య నాగేశ్వరి మధ్యవర్తిత్వంలో తండ్రీకొడుకులకు ఒప్పందం కుదిరింది. శ్రీశైలం వెళ్లి వచ్చేలోగా బండి దానంతట అది ఒక్కసారి ఆగినా సోమవారం చేతులు మారుతుంది. ఆగకపోతే ఆదర్శ్ ఇక దాని ఊసెత్తకూడదు.

బండి ఊరు దాటడం అటుంచి, కొండాపూర్ దాకా కూడా రాలేదు. హఫీజ్‌పేట్ వంతెన దిగి, ఆఫీసు బస్సుల మధ్య అరగంట పాకి, మూసేసిన యూటర్న్ పక్కన ఒకసారి దగ్గి ఊరుకుంది. వెంకటరామయ్య తాళం రెండుసార్లు తిప్పాడు. వెనక సీట్లో ల్యాప్‌టాప్ మూసిన చప్పుడు వినబడింది.

"ఆగిపోయింది కదా నాన్నా," అన్నాడు ఆదర్శ్.

"ఆగలేదు. నేనే ఆపాను."

"నడిరోడ్డు మీదా? దేనికి?"

వెంకటరామయ్య కిటికీలోంచి చూశాడు. యూటర్న్‌కు అడ్డంగా ప్లాస్టిక్ దిమ్మెలు వరసగా నిలబడి ఉన్నాయి. "ఇదిగో, దీనికి. రోడ్డు పని అయిపోయి ఎనిమిది నెలలైంది. అడ్డు మాత్రం తీయలేదు. తీసేదాకా ఇక్కణ్నించి కదలను," అన్నాడు. కొడుకు నమ్మాలని కాస్త గట్టిగానే అన్నాడు.

కొడుకు నమ్మలేదు. నమ్మింది పక్కనే తోపుడుబండి మీద ఇడ్లీలు అమ్మే కొమురమ్మ. యూటర్న్ మూసినప్పటినుంచి అవతలివైపు ఆఫీసులవాళ్లు తన దగ్గరికి రావడం మానేశారు. ఆమె స్టూలు తెచ్చి కారు ముందు వేసుకుని కూర్చుంది. "ఎనిమిది నెలలసంది ఒక్కలన్న అడగలె సారూ. నువ్వు కదలకు, నేనూ కదల," అంది. అది చూసి నాలుగు ఆటోలు అడ్డంగా నిలిచాయి. బస్సుల్లోంచి దిగిన కుర్రాళ్లు ఫోన్లు పైకెత్తారు. పది నిమిషాల్లో వెంకటరామయ్య ఫొటో మూడు కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. దాని కింద ఎవరో 'ఉద్యమకారుడు' అని రాశారు.

ఆటోవాళ్లలో మొగిలి అనే అతను వచ్చి బానెట్ మీద చెయ్యిపెట్టి, వెంటనే తీసేశాడు. కిటికీలోకి వంగి గొంతు తగ్గించాడు.

"సార్, ఇది ధర్నా కాదు గదా."

వెంకటరామయ్య వెనక సీటు వైపు ఓరగా చూశాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి. ఇంజిన్ల కాయిల్ ఏడెక్కింది. నా ఆటోకు సుత గిదే బీమారి. ముప్పావుగంట ముట్టుకోకుంటే దానంతటదే సల్లవడి స్టార్టయితది. అప్పటిదాంక జర నడిపించుండ్రి ధర్నా."

వెంకటరామయ్య గడియారం చూసుకున్నాడు. ముప్పావుగంట. తిరుపతి రైలు టికెట్ల వరసలో ఆయన అంతకన్నా ఎక్కువే నిలబడ్డాడు.

కానీ పదిహేనో నిమిషంలోనే ట్రాఫిక్ ఎస్సై శివశంకర్ నడుచుకుంటూ వచ్చాడు. బళ్లు లాక్కెళ్లే క్రేను రద్దీ చివర ఎక్కడో ఇరుక్కుంది మరి. ఆయన చెమట తుడుచుకుని, "పెద్దాయనా, అడ్డు తీసేయిస్తాను. మీరు బండి తీయండి," అన్నాడు.

ఒక్కమాటకే ఒప్పుకునే బేరగాడు వెంకటరామయ్యకు ఇరవై ఏళ్లలో తగల్లేదు. ఇంకా అరగంట ఉంది. "నోటిమాట చెల్లదండి. రాసివ్వండి," అన్నాడు. ఎస్సై రాసిచ్చాడు. వెంకటరామయ్య ముద్ర కావాలన్నాడు. కానిస్టేబుల్ మోటార్‌సైకిల్ మీద సందుల్లోంచి వెళ్లి ఎనిమిది నిమిషాల్లో వేయించుకొచ్చాడు. ఈసారి వెంకటరామయ్య రోడ్డు దాటేవాళ్లకు తెల్లచారలు గీయాలన్నాడు. దానికీ సరేనన్నారు. కొమురమ్మకు నీడ కావాలన్నాడు.

"నీడెందుకు సారూ, నాకు గొడుగున్నది గదా," అంది కొమురమ్మ.

"నువ్వు ఊరుకోమ్మా. ఉద్యమంలో ఉన్నది చాలనకూడదు," అని కసిరాడు.

ఎస్సై గొడుగు పక్కన రేకుల పందిరికి కూడా ఒప్పుకుని, మనుషుల్ని పెట్టి దిమ్మెలు పక్కకు లాగించాడు. దారి తెరుచుకుంది. జనం ఈలలు వేశారు. ఇక అడగడానికి వెంకటరామయ్య దగ్గర ఏమీ మిగల్లేదు, గడవాల్సిన నిమిషాలు మాత్రం ఇంకా ఏడు ఉన్నాయి.

ఆదర్శ్ కారు దిగి తండ్రి కిటికీ దగ్గరికి వచ్చాడు. "స్టార్ట్ చెయ్యి నాన్నా. ఇప్పుడు స్టార్ట్ అయితే ఇక్కడే ఫోన్ చేసి ఆ బేరం క్యాన్సిల్ చేస్తా. కాకపోతే నువ్వే ఒప్పుకోవాలి, ఇందరి ముందు."

"బెదిరిస్తే నేను బండి తీయను. పోలీసులకే భయపడలేదు, నీకు భయపడతానా?" అన్నాడు వెంకటరామయ్య. తాళంచెవి పట్టుకున్న చెయ్యి తడిసిపోయి ఉంది.

పక్క సీట్లో ఉన్న నాగేశ్వరి ఒకసారి ఆ చేతికేసి చూసి, టిఫిన్ క్యారియరుతో కిందికి దిగింది. "పొద్దున్నించీ ఎండలో ఉన్నారండి పాపం. ఒక్క ముద్ద తిని వెళ్లండి," అంటూ ఎస్సై చేతిలో ఆకు పెట్టి పులిహోర వడ్డించింది. మొహమాటపడి ఎస్సై తిన్నాడు. ఆయన తిన్నాక కానిస్టేబుళ్లు తిన్నారు. రెండోసారి వడ్డించేటప్పుడు ఆమె మొగిలి వైపు చూసింది. మొగిలి బానెట్ మీద మళ్లీ చెయ్యిపెట్టి, ఈసారి తీయకుండా తల ఊపాడు.

వెంకటరామయ్య తాళం తిప్పాడు. బండి మొదటి తిప్పుకే అందుకుంది.

జనం ఊరుకోలేదు. తెరిపించిన వాడే ముందు తిరగాలని పట్టుబట్టారు. ఆ యూటర్న్ తిరిగితే శ్రీశైలం కాదు, ప్రగతి నగర్ వస్తుంది. తిరగక తప్పలేదు. మళ్లీ శ్రీశైలం వైపు తిప్పి బండికి ఇంకో పరీక్ష పెట్టే ధైర్యం ఆయనకు లేకపోయింది. ఆదర్శ్ మాట మీద నిలబడి దారిలోనే ఫోన్ చేసి బేరం వదులుకున్నాడు. పదకొండు గంటలకల్లా ముగ్గురూ ఇంట్లో కూర్చుని మిగిలిన పులిహోర తిన్నారు.

సాయంత్రం హఫీజ్‌పేట్ కాలనీ సంఘం అధ్యక్షుడు బాలనర్సయ్య ఫోన్ చేశాడు. వాళ్ల దగ్గర కూడా ఒక దారి మూసేశారట, సోమవారం అదే కారుతో రావాలట. వెంకటరామయ్య మొగిలికి ఫోన్ చేసి, బండిని మనమే ఆపితే చాలదా అని అడిగాడు.

"మంచిగనే ఉన్న బండిని ఊకె నిలవెడితే పోలీసోళ్లు తాళం గుంజుకొని నడుపుకపోతరు సార్. నిజంగ ఆగితేనే ధర్నా," అన్నాడు మొగిలి.

సోమవారం దండలు పట్టుకుని కాలనీ అంతా రోడ్డు మీద నిలబడింది. బండి వాళ్ల ముందు నుంచి నాలుగుసార్లు వెళ్లింది, ఒక్కసారీ ఆగలేదు.