భూమవ్వ బర్రెకు పట్టిన మహర్దశ

బాన్సువాడ ప్రాంతంలో పేద రైతు జీవితం మెరుగుపడిందని ఇందుమూలంగా తెలియజేయడమైనది. మెరుగుపరిచినవారు పిట్లం రోడ్డులో కొత్తగా వెలసిన పశు సమున్నతి పరిశోధనా కేంద్రం వారు. మెరుగుపడిన రైతు భూమవ్వ.

బిచ్కుంద దగ్గరి పల్లెలో ఆమెకున్నది రేకుల ఇల్లు, ఒక బర్రె. పాలు హోటలుకు పోసి బతికేది. ఈ దుస్థితికి శాస్త్రవేత్తలు చలించిపోయారు. వెంటనే బర్రెను కేంద్రానికి తరలించారు. పేదల పశువు మీద పరిశోధన జరగాలంటే ముందు అది పేదల దగ్గర ఉండకూడదు కదా.

"విజ్ఞానం పేదవాడి గడప తొక్కిన శుభదినమిది" అన్నారు సభలో డైరెక్టర్ డాక్టర్ బాలరాజ్. గడప దాకా వచ్చింది నిజానికి బర్రెను ఎక్కించుకున్న వ్యాను.

కేంద్రంలో బర్రెకు కూలరు, రబ్బరు పరుపు, మెడలో యంత్రం, పొద్దున్నే సన్నాయి. ఒక్కటే లోటు. పాలివ్వలేదు. దాణా మార్చారు. సన్నాయి తీసి వీణ పెట్టారు. బర్రె శ్రద్ధగా విన్నది, పాలు మాత్రం చేపలేదు.

మన వైపు ఇల్లాలు పుట్టింటికి పోతే మగవాడు ఆమె చీర చుట్టుకొని బర్రె కింద కూర్చుంటాడు. చీర చూసి, వాసన పట్టి బర్రె పాలు చేపుతుంది. డైరెక్టర్‌గారికీ ఇది తెలుసు. ఆయనదీ ఇక్కడి డోంగ్లి పక్క పల్లెటూరే. కానీ తెలిసిన సంగతిని కమిటీ లేకుండా ఒప్పుకోవడం శాస్త్రానికి అవమానం. కమిటీ వేశారు. చీర అవసరమని తేలింది. భూమవ్వ చీరను పరికరంగా స్వాధీనం చేసుకొని, అంచుకు నంబరు కుట్టారు.

డైరెక్టర్‌గారు ప్యాంటు మీదే చీర చుట్టుకొని కూర్చున్నారు. బర్రె వెనక్కి తిరిగి, బూట్లు చూసి కాసేపు ఆలోచించింది. చివరికి సైన్సును క్షమించి చేపింది.

అప్పుడే భూమవ్వ, పక్కింటి లోక్యాను వెంటబెట్టుకొని వచ్చింది.

"అక్కా, గా చీర నీకన్న సారుకే మంచిగున్నది" అన్నాడు లోక్యా.

"నువ్వు ఊకోరా. సారూ, నా బర్రెనెప్పుడిస్తరు? హోటలాయన వేరేటోళ్ల కాడ పాలు పోయించుకుంటుండు. నేనెట్ల బతకాలె?"

డైరెక్టర్‌గారు చెంగు సవరించుకున్నారు. "అమ్మా, ఈ పశువు జీవన ప్రమాణం పెరిగింది. మీ ఇంట్లో కూలరుందా?"

"నాకే లేదు సారూ."

"చూశారా. మళ్లీ తీసుకెళ్లి రేకుల కింద కడితే జంతుహింస అవుతుంది."

అయితే డైరెక్టరంతటివారు పూటపూటా చీర కట్టలేరు, మీటింగులుంటాయి. అందుచేత బర్రెను పిండేందుకు భూమవ్వను దినకూలీ మీద నియమించారు. మెడలో గుర్తింపు కార్డు వేశారు. పాలు పరీక్షలకు పోగా మిగిలినవి అధికారుల చాయ్‌కి. నివేదికలో ఆమె 'ఉపాధి పొందిన లబ్ధిదారు'.

"ఏంది అక్కా, నౌకరి వచ్చిందంట గదా?" అన్నాడు లోక్యా.

"వచ్చింది. ఇగ దినాం బస్సెక్కి నా బర్రెనే నేను పిండి, ఇంటికొచ్చేటప్పుడు పాల ప్యాకెట్ కొనుక్కొస్తున్న."

కేంద్రం విజయోత్సవం ఫొటో మన వాట్సాప్ గ్రూపులోకీ వచ్చింది. డైరెక్టర్‌గారు, శాలువా, బర్రె నిండుగా పడ్డారు. భూమవ్వది చెయ్యి మాత్రం పడింది. మనమంతా చప్పట్ల బొమ్మలు పెట్టాం. మనలో సున్నిత మనస్కులు ఒకరిద్దరు ఆరా కూడా తీశారు, బర్రె కాస్త చిక్కినట్టుందేమిటని.